ఏం గడ్డ అని అడగాల

నా చిన్నప్పుడు గడ్డ అనే మాట వింటే మా నోట్లో నీళ్ళూరేవి. కూరలోకి ఎర్రగడ్డ, పులుసులోకి ఉర్లగడ్డ, పొయ్యి బూడిదలో కాల్చుకు తినడానికి గెణుసుగడ్డ, అదే చిలగడదుంప. ఈ చివరిదంటే నాకూ మా తమ్ముడికీ ప్రాణం. వాడప్పుడు నా పావడ అంచు పట్టుకుని తిరిగేంత చిన్నవాడు. మాది బాగలూరు పక్క పల్లె. రాగిచేను గట్టు వెంట మా అవ్వ ఒక చిన్న మడిలో గెణుసుతీగ నాటేది.

ఒకరోజు వానకు కంచె కింద మట్టి కొట్టుకుపోయి, విరిగిన గడ్డ ముక్క ఒకటి తేలింది. తమ్ముడు దాన్ని పీకాడు, నేను కడిగాను. సొంతంగా దొరికింది కదా, ఎవరికీ పంచేది లేదని వాడు ముందే తేల్చి చెప్పాడు. పొయ్యిలో దూర్చబోతుంటే మా అవ్వ చూసింది.

అవ్వ అరవలేదు. ఆ ముక్కను చేటలో మా మడి గడ్డల మధ్య కలిపేసి, "ఇప్పుడు నీది ఏదో చూపించప్పా" అంది. వాడు ఒకటి పట్టుకున్నాడు, నేను ఇంకొకటి. రెండూ మా మడివే! అప్పుడు అవ్వ కత్తి తీసుకుని అన్నింటినీ వరసగా కోసింది. మా గడ్డలు కోసిన చోటల్లా తెల్లగా పాలు ఊరాయి. ఒక్కదానికి మాత్రం ఊరలేదు. అది నాభిగడ్డ. కంచె మీద నిప్పురంగు పూలు పూసే తీగది, తింటే మనిషి దక్కడు.

"పైన చూస్తే అన్నీ గడ్డలే గదమ్మా. ఏం గడ్డ అని అడగాల. కోసి చూడాల" అని చెప్పి, దాన్ని గుంట తీసి పూడ్చేసింది. కత్తి కడిగింది, మా చేతులు రుద్ది రుద్ది కడిగింది. తన గడ్డ పోయిందని తమ్ముడు ఒకటే ఏడుపు. అవ్వ అన్నింటికన్నా పెద్దది కాల్చి ఇస్తే, అది నోటినిండా పెట్టుకుని కూడా మర్యాదకోసం ఇంకాసేపు ఏడ్చాడు.

ఆ ఏడుపుగొట్టు ఇప్పుడు మనవళ్ళను ఎత్తినవాడు. బాగలూరులో గులాబీతోట చూసుకుంటాడు. నేను మత్తిగిరిలో కూతురి దగ్గర ఉంటాను. మొన్న వానాకాలంలో వాడికి దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతోందని నాకు తెలిసింది. మూలవ్యాధిలే అని చాలా రోజులు దాచిపెట్టాడు, మొండివాడు. నేనే తిట్టి హోసూరు ఆసుపత్రికి తీసుకుపోయాను. కెమెరా గొట్టం పెట్టి చూసిన డాక్టరమ్మ, లోపల చిన్న గడ్డ ఉందని, ముక్క తీసి పరీక్షకు పంపామని చెప్పింది.

అంతే, వాడికి పక్క తోటాయన గుర్తొచ్చాడు. ఆయనకు పెద్దపేగు క్యాన్సరు వచ్చి, ఆపరేషను చేసి, కడుపుకు సంచి పెట్టారు. ఆయన శుభ్రంగా పూలబండి తోలుకుంటున్నాడు, అది వేరే సంగతి. మావాడికి మాత్రం ఆ సంచే కళ్ళలో మెదిలింది. కొడుకును పిలిచి తోటలో మోటారు ఎప్పుడు మొరాయిస్తుందో, దాన్ని ఎట్లా బుజ్జగించాలో నేర్పడం మొదలుపెట్టాడట. పరీక్ష ఫలితం వచ్చిందని ఆసుపత్రి నుంచి కబురు రాగానే, వాడిని పిలుచుకుపోదామని నేను బాగలూరు పోయాను.

"ఆడికి రానక్కా. గడ్డంటే గడ్డే గదా. ఆయనకు అయిందే నాకూ అవుతాది" అన్నాడు.

నాకు కోపం ముంచుకొచ్చింది. వంటింట్లోంచి గెణుసుగడ్డ తెచ్చి వాడి ముందే కోశాను. పాలు ఊరాయి. "అవ్వ ఏమనిందిరా?" అని అడిగాను. వాడు ఆ పాలచుక్కలను వేలితో తుడిచాడు. తరువాత లేచి చొక్కా వేసుకున్నాడు.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఎక్కువమందికి ఈ క్యాన్సరు పేగు లోపలి పొరలో, జిగురు ఊరే కణాల్లో పుడుతుందట. చిన్న పిలకగా లేచి ఏళ్ళమీద ముదురుతుందట. తమ్ముడిది ఆ రకం కాదు. హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టిన అరుదైన రకం, పొర అడుగున నిదానంగా పెరుగుతోంది. రక్తం మాత్రం నిజంగానే మూలవ్యాధిది. ఆ వంకన వెళ్ళబట్టి గడ్డ చిన్నగా ఉండగానే దొరికింది, కాబట్టి కడుపు కోయకుండా గొట్టంతోనే తీసేయవచ్చునంది. పేగు గోడ కండలో పుట్టేవి, రోగాలతో పోరాడే కణాల్లో పుట్టేవి కూడా ఉన్నాయట. ఒక్కోదానికి ఒక్కో వైద్యం. "అరుదంటే మంచిదని కాదమ్మా, వాటిలో మొండివీ ఉంటాయి. అందుకే ఏ రకమో తెలిసేదాకా మేమూ తొందరపడం" అంది. నాకు చేట ముందు కూర్చున్న మా అవ్వ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

గడ్డ తీసేశారు. మళ్ళీ చూపించుకోవడానికి పోయినప్పుడు, మా పక్క బెంచీలో కావేరిపట్టణం నుంచి వచ్చినాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. లోపల గడ్డ ఉందన్నారంట. నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటుంటే, మా తమ్ముడు ఆయన పక్కకు జరిగి భుజం మీద చెయ్యేశాడు.

"గడ్డ సరేప్పా. ఏం గడ్డ అని అడిగినావా?"

ఇన్నేళ్ళూ అవ్వ మాటను నేనొక్కదాన్నే దాచుకున్నాననుకున్నాను. ఇప్పటికీ గెణుసుగడ్డ కోస్తే, పాలు ఊరేదాకా కత్తి పట్టుకుని ఆగుతాను. భయపడేముందు కూడా అట్లాగే కాసేపు ఆగుతాను.