ఫార్వర్డు కోసం వెళ్లిన మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు మొన్న మంగళవారం మధ్యాహ్నం గుంటూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. కన్నుమూశారు అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆయన్ని చంపారు. తెనాలిలో ప్రైవేటు కాలేజీ నడుపుతున్న ఒక కరస్పాండెంటు పంపిన మనుషులు, రేపల్లె కింద రొయ్యల చెరువుల దగ్గర, పట్టపగలు, ఇనప పైపుతో తల మీద కొట్టి చంపారు. బాస్కెట్‌బాల్ ఆడే ఒక పదో తరగతి కుర్రాడు వాళ్ల కాలేజీ జట్టుకు కావలసి వచ్చాడు. ఆ కుర్రాడు రానన్నాడు. రానన్నవాణ్ని తీసుకెళ్లి దాచిపెట్టారు. మాస్టారు వెళ్లి బయటికి తెచ్చారు. అదీ ఆయన చేసిన నేరం. పేపర్లో మాత్రం "చెరువు గట్టుపై జారిపడి వ్యాయామ ఉపాధ్యాయుడి మృతి" అని వేశారు. ఏ గట్టు మీద జారితే తల వెనకా ముందూ ఒకేసారి పగులుతుందో ఆ వార్త రాసినవాడే వచ్చి చెప్పాలి.

ఆయన నందివెలుగులో పుట్టారు. ఉద్యోగం రేపల్లెలో వచ్చింది, ఇక్కడే ఉండిపోయారు. లూథరన్ చర్చి వెనక వీధిలో వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. నేను ఆయన అరుపులు వింటూ పెరిగాను. పొద్దున్నే సైకిలు పంపుతో బంతులకు గాలి కొడుతూ కీర్తన అందుకునేవారు. మనసు బాగున్న రోజు మెల్లగా పాడేవారు. కోపంగా ఉన్న రోజు కీర్తన వీధి చివరిదాకా వినపడేది. ఆయన భార్యను నేను అత్తయ్య అంటాను. ఆవిడ గోడ మీదుగా మా అమ్మతో, "వదినా, ఇవాళ బళ్లో ఎవడికో మూడింది" అనేది. నిజంగానే ఎవడికో మూడేది.

మా బడి వెనకున్న సిమెంటు కోర్టులో ఆట అంటే దెబ్బలే. ఫార్వర్డ్ అంటే రింగు దగ్గర గుంపులో నిలబడి, మోచేతుల మధ్య నుంచి బంతి లాక్కుని వేసేవాడు. జట్టు మొత్తంలో ఎక్కువ దెబ్బలు తినేది వాడే. అందుకని మాస్టారు గోనెసంచిలో ఊక కుక్కి, బంతి కోసం పైకెగిరిన వాణ్ని పక్క నుంచి ఆ మూటతో గుద్దేవారు. పెదవులు చిట్లేవి. మోకాళ్లు చెక్కుకుపోయేవి. ఎవడైనా ఏడుపు మొహంతో ఆయన వైపు తిరిగితే, "దెబ్బ తగిలాక ఈల వైపు చూడకురా, బంతి వైపు చూడు" అనేవారు. తర్వాత ఆ పెదవికి ఆయనే మందు పూసేవారు. పూస్తూ కూడా తిట్టేవారు.

నాకు ఆయన పెట్టిన పేరు కరపత్రం. ఎక్కడ ఏ మీటింగు జరిగినా అక్కడ పంచే కాగితాలన్నీ తెచ్చుకుని చదివేవాణ్ని కదా, అందుకు.

"ఏరా కరపత్రం, ఇవాళ ఎవర్ని కూలదోస్తున్నావు?"

"వ్యవస్థని, మాస్టారూ."

"ముందు ఆ నెట్టు ఊడి వేలాడుతోంది, అది కట్టు. వ్యవస్థ సంగతి టిఫిన్ చేశాక చూద్దాం."

నేను ఉడుక్కునేవాణ్ని. ఆయన సాసర్లో టీ పోసుకుని చప్పుడు చేస్తూ తాగేవారు.

ఇక ఆ కుర్రాడి సంగతి. వాళ్లది సముద్రం ఒడ్డు పల్లె. తండ్రి పడవ మీదకు వెళ్తాడు, తల్లి రేపల్లె మార్కెట్లో చేపలమ్ముతుంది. వాడు ఏడో తరగతితో బడి మానేసి తల్లి వెంట ఐసు పెట్టెలు మోసేవాడు. మాస్టారు చేపలు కొనడానికి వెళ్లి, వాడు నిండు పెట్టెను తల మీద నుంచి ఆటో పైకి విసరడం చూశారట. చేపలు కొనడం మర్చిపోయారు.

"ఏమ్మా, వీణ్ణి రేపట్నుంచి నాకియ్యి. బళ్లో వేస్తా."

"మీకిత్తే ఈ పెట్టెలెవుడు మోత్తాడండి?"

"నేను మోస్తా."

ఆవిడ నవ్వి ఊరుకుంది. మర్నాడు మాస్టారు నిజంగానే వచ్చి పెట్టె ఎత్తారు. ఆ పై రోజు కూడా. వాడు పదో తరగతికి వచ్చినా ఆ మోత మానలేదు. ఆదివారం మార్కెట్ నుంచే చర్చికి వచ్చేవారు, అదే తెల్ల చొక్కాతో. చేపల వాసనకు ఆయన కూర్చున్న బెంచీ మీద చోటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. "ప్రభువు శిష్యులు చేపలు పట్టినవాళ్లే, వాళ్లంతా ఇదే వాసన కదయ్యా" అని పాస్టరుగారితోనే అన్నారు ఒకసారి. కుర్రాణ్ని జట్టులోకి తీసుకోవడం అంటే మాస్టారికి తెలిసిన పద్ధతి అదొక్కటే. వాడి బరువు తాను ఎత్తుకోవడం.

వాడు ఫార్వర్డుగా ఆడటం మొదలుపెట్టాక ఊళ్లు కదిలాయి. టోర్నమెంట్లలో ప్రత్యర్థులు వాణ్ని పట్టుకుని వేలాడేవాళ్లు. ముక్కు పగిలింది, చెవి తెగింది. వాడు బంతి వదల్లేదు. అప్పుడు కాలేజీల వాళ్లు రావడం మొదలైంది.

ముందు బాపట్ల నుంచి ఒక కోచ్ మేడం వచ్చారు. బస్సు దిగి నేరుగా కోర్టు పక్కన ఎండలో కూర్చుని, ఆట అంతా చూసి, వాణ్ని పిలిచారు.

"చదువులో ఏది కష్టం?"

"ఇంగ్లీషండి."

"ఆటలో?"

"ఎడం చేత్తో వెయ్యడమండి."

"రెండూ నేర్పుతాం. కానీ సెలెక్షన్లో అందరితో పాటు ఆడి గెలిచి రావాలి. ఊరికే తీసుకోను."

మేడం బస్సెక్కాక వాడు మాస్టారితో, "నేను అక్కడికెళ్తానండి" అన్నాడు. అంతే. వాడి నిర్ణయం అది. దాన్ని ఎవరూ వాడి నోట్లో పెట్టలేదు.

తర్వాత తెనాలి కాలేజీ పీఆర్వో వచ్చాడు, వెనక మోటారు సైకిళ్లతో. మార్కెట్లో అందరి ముందూ కుర్రాడి భుజం నొక్కి, పిక్కలు పట్టి చూశాడు. తల్లికి ఒళ్లు మండింది.

"మావోడు చేపా ఏంటయ్యా, మొప్పలెత్తి చూత్తన్నావు?"

"మంచి సరుకమ్మా. అందుకే చూస్తున్నా. సీటు ఫ్రీ, హాస్టల్ ఫ్రీ, నీకు పండక్కి చీర."

ఆవిడ చేతిలో తక్కెడ ఉంది. దాంతోనే ఆ పీఆర్వో మొహం మీద ఒక్కటి ఇచ్చింది. దవడ మీద నెత్తురు తుడుచుకుంటూ, "నీ కొడుకు బాపట్ల ఎట్టా వెళ్తాడో చూస్తా" అన్నాడు వాడు. ఆవిడ, "బస్సులో ఎల్తాడు, టిక్కెట్టు కొనుక్కుని" అంది. మార్కెట్ అంతా నవ్వింది. ఆ నవ్వును వాళ్లు మరిచిపోలేదు.

ఆ కాలేజీని మాస్టారు ఎందుకు వద్దన్నారో కూడా చెప్పాలి. అంతకు ముందు వాళ్లు సంగం జాగర్లమూడి నుంచి ఒక ఫార్వర్డును పట్టుకెళ్లారు. మోకాలు వాస్తే సూది వేసి ఆడించారు. మళ్లీ వాస్తే మళ్లీ సూది. కాలు పనికిరాదని తేలాక ట్రంకుపెట్టె గేటు బయట పెట్టారు. ఆ అబ్బాయి ఇవాళ కింద కూర్చుని అన్నం తినలేడు. అయ్యలారా, దీన్ని విద్య అంటారా? చెరుకు పిండి పిప్పి పారేసినట్టు మనిషిని పిండడం కాదా ఇది? నేను ఇలా అరిస్తే మాస్టారు, "అరిచింది చాలు, వాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, బండి తియ్యి" అన్నారు.

బాపట్ల సెలెక్షన్ దగ్గర పడింది. బూట్లు కొనిపెడతామని ఎవరో కుర్రాణ్ని బండెక్కించుకున్నారు. వాడు ఇంటికి రాలేదు. ఫోను పలకలేదు. ఈ జిల్లాలో పుట్టినవాడికి దీని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. ఎంపీపీ ఎన్నిక వస్తే గెలిచిన సభ్యుల్ని ఎదుటి పార్టీకి దొరక్కుండా క్యాంపులో పెడతారు చూడండి. ఫోన్లు లాక్కుని, బిరియానీ పెట్టి, ఓటు రోజున బయటికి తీస్తారు. అచ్చం అలాగే ఆటగాళ్లకు క్యాంపు పెట్టారు. సెలెక్షన్ దాటిపోయేదాకా అక్కడే ఉంచి, తర్వాత నేరుగా తెనాలి హాస్టల్లో దింపాలని.

"ఓటేసేవాణ్ని దాచారంటే వాడూ ఇష్టపడే పోయాడు. బంతి వేసేవాడు పిల్లాడురా!" అన్నారు మాస్టారు. స్టేషన్‌కు వెళ్తే, "కాలేజీవాళ్లు తీసుకెళ్తే కిడ్నాప్ ఎలా అవుద్దండి, రెండ్రోజులు చూద్దాం" అన్నారట. ఆ రోజు ఆయన కీర్తన పాడలేదు. ఐసు లారీ నడిపే మనిషి కుర్రాడి తల్లికి ఆచూకీ చెప్పాడు. రొయ్యల చెరువుల మధ్య కాపలావాళ్ల షెడ్డు.

నేను కర్రలు తెస్తానన్నాను.

"కర్ర తెచ్చేట్టయితే నువ్వు ఇంట్లోనే ఉండు."

"వాళ్లు ఊరుకుంటారా మాస్టారూ?"

"ఊరుకోరు. అయినా పిల్లల మధ్యకి కర్ర తీసుకెళ్లకూడదు."

సోమవారం భోజనాల వేళకు చేరాం. షెడ్డులో నాలుగైదు ఊళ్ల కుర్రాళ్లు విస్తళ్ల ముందు కూర్చుని ఉన్నారు. మా వాడు తినడం లేదు. చెంప వాచి ఉంది. మాస్టారు గుమ్మంలో నిలబడి, "లేవండ్రా, లైన్!" అని అరిచారు. ఏ ఊరి పిల్లలైనా డ్రిల్లు మాస్టారి గొంతు గుర్తుపడతారు. చేతులు కూడా కడుక్కోకుండా అందరూ లేచి వరుసలో నిలబడ్డారు. కాపలా మనుషులు పగలబడి నవ్వారు. పిల్లలు బయటికి కదలగానే ఆ నవ్వు ఆగిపోయింది.

మొదటి దెబ్బ ఆయన భుజం మీద పడింది. ఆయన దెబ్బ తిని ఊరుకునే మనిషి కాదు. మీదికొచ్చినవాడి మొహం మీద నుదుటితో గుద్దారు. వాడి ముక్కు ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. నన్ను ఇద్దరు కింద పడేసి తన్నుతున్నారు. నేల మీద నుంచే చూశాను. మాస్టారు కాళ్లు వెడల్పుగా పెట్టి, రెండు చేతులూ చాపి, పిల్లలకూ వాళ్లకూ మధ్య అడ్డంగా నిలబడ్డారు. "పరిగెత్తండ్రా, వెనక్కి చూడకండి!" పైపు లేచింది. పడింది. మళ్లీ లేచింది. ఆయన చెవి మీదుగా నెత్తురు కారి మెడ దిగింది. పిల్లలు గట్టు దాటేదాకా ఆయన చేతులు కిందికి దించలేదు. తర్వాత మోకాళ్ల మీద కూలబడి, నా వైపు తిరిగి, "అందరూ వెళ్లారా?" అన్నారు. వెళ్లారన్నాను. ఆ తర్వాత ఆసుపత్రిలో ఆయన కళ్లు తెరిచారు గానీ మాట రాలేదు. ఆయన నాతో అన్న చివరి మాట ఆ ప్రశ్నే.

కేసు పెట్టారు. ఇద్దరు లొంగిపోయారు కూడా. వాళ్ల మొహాలు నేను చూశాను. ఆ రోజు షెడ్డు దగ్గర వాళ్లిద్దరూ లేనే లేరు. కొట్టినవాళ్లు తెనాలిలో టీ తాగుతున్నారు. కరస్పాండెంటు ఏమో సంతాపం అని ఫ్లెక్సీ కట్టించాడు. దాన్ని నేను చింపాను. నా మీద కూడా కేసు పెట్టుకోమనండి.

బుధవారం చర్చి వెనక సమాధుల తోటలో మట్టి చేశాం. చెరువు పక్క నేల కావడంతో గోతిలో నీళ్లు ఊరి అంచులు విరిగిపడుతున్నాయి. తాళ్లతో దింపితే పెట్టె ఒరుగుతుందని, ఎవరైనా పొడుగు మనిషి లోపలికి దిగి అందుకోవాలని తవ్వినవాళ్లు అన్నారు. ఆ కుర్రాడు చొక్కా విప్పి దిగాడు. మోకాళ్లదాకా బురద. ఎవరో, "వాడు మన చర్చివాడు కాదు కదా" అని గొణిగారు. అత్తయ్య వినపడేలా, "ఆయన పిల్లాడే. దిగనివ్వండి" అంది. వాడు రెండు చేతులూ తల పైకెత్తి నిలబడ్డాడు. మేం పెట్టె వదిలాం. వాడు పట్టుకున్నాడు. పెట్టె ఒరగలేదు. తన ఛాతీ మీదుగా అంగుళం అంగుళం కిందికి దించి, నేల తగిలాక కూడా కాసేపు దాని మీద చేతులు తియ్యలేదు.

పైకి వచ్చాక బురద చేతులతోనే నన్ను అడిగాడు. "అన్నా, శనివారం నేను బాపట్ల వెళ్తే మళ్లీ ఎవుర్నన్నా సంపుతారా?"

దీనికి నేను చదివిన ఏ కాగితంలోనూ జవాబు దొరకలేదు. జవాబు మీరే ఇవ్వాలి. శనివారమే సెలెక్షన్. పిట్టలవానిపాలెం దగ్గర బస్సు ఆపుతామని వాళ్లు కబురు పంపారు. ఒక్క కుర్రాడున్న బస్సును ఆపగలరు. బస్సంతా మనమే ఉంటే ఏం ఆపుతారు? మార్కెట్ అక్కలారా, పాత ఆటగాళ్లారా, చర్చి పెద్దలారా, సముద్రం పల్లె అన్నలారా, రండి. పిట్టలవానిపాలెంలో ఉన్నవాళ్లు మీ రోడ్డు మీదకు వచ్చి నిలబడండి. కర్రలు తేవద్దని అత్తయ్య గట్టిగా చెప్పింది. నాకు ఇష్టం లేకపోయినా ఆ మాట రాస్తున్నాను, పాటిస్తాను కూడా.

శనివారం పొద్దున్న ఆరు గంటలకు, రేపల్లె బస్టాండు, బాపట్ల బస్సు ఆగే చోట. ఎక్కడని వెతకక్కర్లేదు. జనంలో అందరికన్నా ఎత్తుగా ఒక కుర్రాడి తల కనిపిస్తుంది. వచ్చి దాని చుట్టూ నిలబడండి.