సోమవారం సోమవారం వేడెక్కిన గుట్ట

ప్రపంచం ఎందుకు వేడెక్కుతోందని అడిగితే పెద్దలు ఫ్యాక్టరీలని చెబుతారు, మోటార్లని చెబుతారు. బూర్గంపాడు అవతల అడవిలో ఉన్న ఒక గుట్ట విషయంలో మాత్రం అంత దూరం వెతకనక్కర్లేదు. దాన్ని వేడెక్కించింది నేను. ఒక్కడినే, ఎవరి సాయమూ లేకుండా. ఆ ఊపులో ఒక మంచి మనిషి చదువును కూడా మంటలో పెట్టబోయాను. వినండి, నవ్వండి, చివరికి నా మీద కాస్త జాలి మిగుల్చుకోండి.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్న రోజులవి. డిగ్రీ చేతిలో పెట్టుకుని ఖాళీగా తిరుగుతున్న నాకు, మా ఇంట్లో అందరికీ తెలిసిన రెహానా అక్క పని ఇచ్చింది. ఖమ్మంలో వాళ్లకు లేసులు, గుండీలు అమ్మే పాత దుకాణం ఉంది. ఆమె మాత్రం హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. వాతావరణం మారుతుంటే ఎత్తైన చోట్ల చెట్టూచేమా ఏమైపోతాయన్నది ఆమె ప్రశ్న. కింద ఉక్కపోస్తే మొక్కలు మెల్లగా పైకి జరగొచ్చు. గుట్ట మీది మొక్కలు ఎక్కడికి జరగాలి, ఆకాశంలోకా? ఇలాంటి పనికి హిమాలయాలైతే దర్జాగా ఉండేది కానీ, వచ్చిన డబ్బు మా గుట్ట దాకానే సరిపోయింది.

గుట్ట కొసన తెల్ల రంగు వేసిన చెక్కపెట్టె ఒకటి నిలబెట్టాం. గాలి ఆడేలా దానికి నాలుగు వైపులా కిటికీ రెక్కల్లాంటి పలకలు. లోపల, ఎంత చలి ఉందో ఎప్పటికప్పుడు గుర్తుపెట్టుకునే చిన్న యంత్రం. పెట్టె గాలికి పడిపోకుండా కాళ్ల చుట్టూ రాళ్లు పేర్చాం. ప్రతి సోమవారం తెల్లవారగానే గుట్టెక్కి దుమ్ము తుడిచి, బ్యాటరీ చూసి రావడం నా ఉద్యోగం. సోమవారమే ఎందుకంటే, ఆదివారం చర్చికి రాకపోతే మా అమ్మ ఇంట్లోకి రానివ్వదు. చర్చి తర్వాత కోడికూర వదిలిపెట్టడం నా వల్ల కాదు.

"పెట్టె దగ్గర జాగ్రత్త డేవిడ్," అని అక్క మొదటి రోజే చెప్పింది. "మన ఊపిరి తగిలినా లెక్క మారుద్ది."

ఆ మాటను నేను బైబిలు వాక్యంలా పాటించాను. పెట్టె తలుపు తీసే ముందు ముక్కూ నోరూ మఫ్లర్‌తో చుట్టేసి, మొహం నీలం తిరిగేదాకా ఊపిరి బిగబట్టేవాణ్ని. నాలాంటి నౌకరు ఏ శాస్త్రవేత్తకూ దొరకడని నా గట్టి నమ్మకం.

చలికాలం చివరికొస్తుండగా యంత్రంలోని లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, వేడి ఎక్కడం దిగడం తెలిసేలా అక్క గీత గీయించింది. గీత వారమంతా బుద్ధిగా ఉండి, సోమవారం పొద్దున మాత్రం తాటిచెట్టులా నిటారుగా లేచి మళ్లీ కింద పడుతోంది. తప్పకుండా, ప్రతి సోమవారం.

అక్కకు పాఠం చెప్పే సారు హైదరాబాదు నుంచి వచ్చి ఆ గీతను చాలాసేపు చూశారు. యంత్రం చెడిపోయి ఉంటే చలికాలమంతా వృథా అనీ, ఇక ఈ పని ఇంతటితో ఆపేయాల్సి వస్తుందనీ మెల్లగా చెప్పారు. అక్క చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది. పని ఆగితే ఆమె దుకాణంలో కూర్చుని గుండీలు అమ్మాల్సిందే, వాళ్ల నాయనతో ఒప్పందం అదే. ఏదో ఒకటి చేసి ఆమెను కాపాడాలనిపించింది నాకు. నేను కాపాడాలనుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు మునుగుతారని అప్పటికి నాకు తెలియదు.

"యంత్రం మంచిగనే ఉంది సార్," అన్నాను. "ఆదివారం భద్రాచలం, బూర్గంపాడు, చుట్టూ ఊర్లన్నిట్ల కోడికూర, మటన్ వండుతరు. అన్ని పొయ్యిల వేడి ఒక్కసారే లేస్తది. గుట్టెక్కేసరికి సోమవారం అయితది."

మీరు నవ్వుతున్నారు. సారు నవ్వలేదు, అదే నా దురదృష్టం. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, వచ్చే సోమవారం స్వయంగా గుట్టెక్కి చూద్దామన్నారు.

ఎక్కాం. చలి కొరికేస్తోంది. మే నెల ఎండలో గొడుగు లేకుండా తిరిగే మా ఖమ్మం వాళ్లం చలి పేరు చెబితే మాత్రం ముసుగుతన్ని పడుకుంటాం. సారేమో పల్చటి చొక్కాతో వచ్చి పళ్లు టకటకలాడిస్తున్నారు. అతిథిని అలా వదిలేస్తామా? నేను గబగబా ఎండుపుల్లలు ఏరుకొచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే, గాలి కొట్టకుండా రాళ్ల చాటున, పెట్టెను ఆనుకుని చలిమంట వేశాను. సారు ఆశగా చేతులు చాపారు. అక్క పెట్టెలోకి తొంగి చూస్తోంది.

"సార్, పెరుగుతున్నది," అంది.

"జెప్పిన గద," అన్నాను చేతులు కాచుకుంటూ.

సారు కూడా కాచుకుంటూనే అవునవునని తలూపారు. యంత్రం మీద అంకెలు ఎగబాకుతున్నాయి. ముగ్గురం ఆనందంగా ఉన్నాం. అంతలో సారు చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఆయన మంటను చూశారు, పెట్టెను చూశారు, చివరికి నన్ను చూశారు.

"డేవిడ్, నువ్వు వచ్చిన ప్రతిసారీ మంట వేస్తావా?"

"అవ్ సార్. కాని అడవికి అంటుకోకుంట చూస్త," అన్నాను గర్వంగా. చెప్పానుగా, నాలాంటి నౌకరు దొరకడని.

రెహానా అక్క రాయి మీద కూలబడి చున్నీతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. అప్పుడు తలకెక్కింది నాకు, నేను చేసిందేమిటో. ఊపిరి తగలకూడదన్న పెట్టెకు చలికాలమంతా పొయ్యి పెట్టాను. సిగ్గుతో అక్కడికక్కడే గుట్ట దిగి గోదావరి దాకా పరుగెత్తాలనిపించింది.

అక్క చున్నీ తీసింది. కళ్లనిండా నీళ్లు, కానీ నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్లు.

"నువ్వన్నది తప్పేం గాదు డేవిడ్," అంది. "ఆదివారం కోడికూరే సోమవారం గుట్టెక్కింది. నీ కడుపుల కూసొని."

యంత్రం చెడిపోలేదని తేలడమే ఆమెకు పెద్ద పండగ. సారు సోమవారం పొద్దుటి లెక్కలు తీసేయించారు, మిగతా చలికాలమంతా పదిలంగా నిలిచింది. అక్క పని కొనసాగింది. నన్ను తీసేయమని సారు అన్నా ఆమె ఒప్పుకోలేదు. ఎండెక్కాక గుట్టెక్కమని మాత్రం చెప్పింది. ఇంకొకరైతే నన్ను ఆ గుట్ట మీంచే తోసేవారు. ఆమె మంచితనం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

అందుకే ఆ రోజు గుట్ట మీద, ఆరిపోయిన నిప్పుల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో మళ్లీ ఏ థర్మామీటర్‌నూ వేడి చేయను. మొన్న జ్వరమొచ్చి దవాఖానాకు వెళితే నర్సమ్మ నోరు తెరవమంది. నేను తెరవలేదు.