వదిన చుట్టి తెచ్చిన చాప

మా ఊళ్ళో మగవాళ్ళందరం ఇల్లరికపు అల్లుళ్ళమే. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మా మకువా జనంలో నేల అమ్మ నుంచి కూతురికి పోతుంది. మొగుడన్నవాడు ఒక చాప, ఒక పార పట్టుకుని పెళ్ళాం ఊరికి వస్తాడు, ఆమె నేల దున్నుతాడు, ఆమె వండింది తింటాడు. కాపురం కుదరకపోతే పెళ్ళాం ఆ చాపను నలుగురి ముందూ విప్పి పరుస్తుంది. మా నమిలోపా ఊరి పద్ధతి అది. ఒకసారి పరిచిన చాపను మళ్ళీ ఇంట్లోకి తేవడానికి వీల్లేదు. మొగుడు దాన్ని చుట్టుకుని తన తల్లి ఊరికి పోవాల్సిందే.

ఎర్మెలిండా నా భార్య లెవీనాకు అక్క, అంటే నాకు వదిన. నేను పిల్లనడగడానికి వచ్చిన రోజు ఆమె నా ముఖం చూడలేదు. నా పార అడిగి తీసుకుని అంచు మీద బొటనవేలు రాసింది.

"కొత్తగా ఉందే! ఇన్నాళ్ళూ ఏం చేశావు నాయనా, దీన్ని గోడకు తగిలించి మొక్కావా?" అంది. "అరిగిన పార తీసుకురా. అప్పుడు మాట్లాడదాం."

వారం తిరక్కుండా మా మేనమామ పార అరువు తెచ్చుకున్నాను. ఆమె దాని కర్ర చూసి, "ఇది ఎడమచేతి వాడి పార. నువ్వు కుడిచేత్తో తింటున్నావు" అని నవ్వింది. చివరికి ఒక వానాకాలమంతా తన చేలో నా నడుం విరగ్గొట్టి చెల్లెల్ని ఇచ్చింది. అలాంటి మనిషి.

మెట్ట మీద ఆమెకు కర్రపెండలం, మొక్కజొన్న, కంది ఉండేవి. ఏటి వంపులో పల్లపు చేను ఉండేది. మా పొట్టలు ఆ పల్లం మీదే ఆధారపడ్డాయి. అక్టోబరులో, వానలకు ముందు, మెట్ట అంతా బీటలు తీసినా అక్కడ మడమతో నొక్కితే నీళ్ళూరేవి. వరి, చెరకు, చిలగడదుంప, మూడూ అక్కడే. కరువు ఏడాది ఊరు ఊరంతా ఆ పల్లం తిని బతికింది. ఆమె తల్లి, తల్లి తల్లి కూడా దాని పక్కనే మట్టిలో ఉన్నారు. నేను చెబుతున్న గొడవకు ముందటేడే అక్కచెల్లెళ్ళ మేనమామ చనిపోవడంతో ఆ నేల గురించి మాట చెప్పాల్సిన పెద్ద ఆమే అయింది.

వదిన కొత్తకు శత్రువని మాత్రం అనుకోకండి. వ్యవసాయ శాఖ మనిషి వచ్చి తాడుకు ముడులు వేసి సాళ్ళలో విత్తమంటే ఊరంతా నవ్వింది. ఆమె ఒక్కతే తాడు పట్టింది. మరుసటేడు ఆమె కంది బస్తాలు చూసి నవ్విన వాళ్ళే ఆ తాడు అరువడిగారు. "ఏటి నీళ్ళు మెట్టకెక్కించే పంపొకటి ఎవడైనా ఇస్తే వాడి కాళ్ళు కడుగుతాను" అనేది.

ఇక అవెలీనో, ఆమె భర్త, నాకు తోడల్లుడు. మెత్తని మనిషి. పద్దెనిమిదేళ్ళప్పుడు సర్కారు వారి పెద్ద వ్యవసాయ క్షేత్రంలో రెండేళ్ళు ట్రాక్టరు నడిపాడు. తర్వాత యుద్ధం వచ్చింది, క్షేత్రం పోయింది, ట్రాక్టరు అక్కడే తుప్పు పట్టింది. దాని తాళంచెవి మాత్రం ఆయన మెళ్ళో దారానికి వేలాడుతూ ఉండేది. వదిన చేలో వంగినప్పుడల్లా, "ఏమయ్యా డ్రైవరూ, ఆ తాళంచెవి పెట్టి నా పార ఒకసారి స్టార్టు చెయ్యి" అనేది. ఆయన నవ్వేవాడు. నవ్వుతూనే తాళంచెవి చొక్కాలో దాచుకునేవాడు.

ఆ ఏడు పైదేశపు కంపెనీ వచ్చింది. ఏటికి ఇరువైపులా సోయా వేస్తారట. ట్రాక్టర్లట, కాలువలట, మగవాళ్ళకు పనులట. చట్టం ప్రకారం ఊరితో రెండు సభలు జరపాలి, మధ్య నెల గడువుండాలి. రెండో సభలో ఎవరూ కాదనకపోతే కాగితం పైకి పోతుంది. పోయిందంటే యాభై ఏళ్ళు మన నోరు కట్టేసినట్టే.

మొదటి సభ నాడు మా ఇళ్ళ ఆడవాళ్ళంతా కొండ అవతల ఒక పెద్దమ్మ చావుకు వెళ్ళారు, మూడు రోజులు. బడి ముందు కుర్చీలు వేశారు. చల్లటి సీసాలు పంచారు. జిల్లా నుంచి వచ్చిన అధికారి మా దేశపు దక్షిణాది మనిషి. మా మాట రాదు, బడి పంతులు తిప్పి చెప్పాడు.

"ఈ భూముల యజమానులు ముందుకు రండి."

తొమ్మిది మందిమి లేచాం. నేనూ లేచాను.

ఎందుకు లేచావని లెవీనా ఇప్పటికీ దెప్పుతుంది. నిజం చెబుతాను. అప్పటికి నలభై ఏళ్ళవాణ్ణి. నన్ను యజమాని అని ఎవరూ పిలవలేదు, ఆ రోజు దాకా. ఆ మాట చెవిన పడగానే కాళ్ళు వాటంతటవే లేచాయి. బొటనవేలికి సిరా పూసుకుంటున్నప్పుడు కూడా, ఎవరి నేల ఇది అని నాకు తట్టలేదు. తట్టలేదని అనుకోవడమే నాకు సుఖం. అవెలీనో మాత్రం వేలిముద్ర వెయ్యలేదు. కలం అడిగి, పేరంతా విడమరిచి సంతకం పెట్టాడు. ట్రాక్టరు నడపడం వచ్చని చెబితే కంపెనీ మనిషి ఆయన భుజం తట్టి ఆకుపచ్చ టోపీ ఇచ్చాడు.

నాలుగో రోజు పొద్దున వదిన చావు నుంచి తిరిగొస్తూ, ఇంటికి రాకుండా తిన్నగా పల్లానికి దిగింది. వరిమడి మధ్యన కొయ్యమేకు, దానికి ఎర్రగుడ్డ. అలాంటివి వరసగా ఆరు. ఒకటి వాళ్ళమ్మ తల వైపున.

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. ఒక మేకు పీకి, తెచ్చి, పొయ్యి దగ్గర పెట్టింది. కర్రపెండలం పిండితో షీమా సంకటి వండింది. మొగుడి ముందు పళ్ళెం పెట్టింది. నేనప్పుడు అక్కడే ఉన్నాను. లెవీనా నన్ను తిట్టి ఇంట్లోంచి వెళ్ళగొడితే వచ్చి కూర్చున్నాను.

"ఎవరిదయ్యా ఆ నేల?" అని అడిగింది వదిన, చాలా నెమ్మదిగా.

"మనదే."

"మనది కాదు. నాది. నువ్వెవరివి?"

అవెలీనో పళ్ళెం ముట్టలేదు. "నీ నడుం చూసుకో ఎర్మెలిండా. యాభై రాకుండానే వంగిపోయింది. మీ అమ్మ నడుం అట్లాగే వంగి, అట్లాగే పోయింది. పార పట్టుకుని ఇంకెన్ని తరాలు? ఆ మిషను ఒక పూటలో చేసేది మనిద్దరం నెలంతా చేస్తాం. నేను నీకు చెడు చెయ్యాలని పెట్టానా సంతకం?"

"మంచే అనుకున్నావు. అందుకే నాకు ఇంకా భయంగా ఉంది" అంది వదిన. "ఆ మిషను నా నేల మీద నా కోసం తిరిగితే నేనే దాని ముందు ఆడతాను. నా నేలను వాడికిచ్చి, వాడి మిషను మీద నువ్వు కూర్చుంటే, రేపు వాడు దిగమన్న రోజున ఎక్కడ దిగుతావు? కాలు పెట్టడానికి నేలేది?"

వదిన పళ్ళెం ఆయన వైపు ఇంకాస్త జరిపింది.

"ఇంకో సభ ఉంది. అక్కడ నువ్వు లేచి నీ సంతకం చెల్లదని చెప్పాలి. నువ్వు చెప్పకపోతే నేను చెబుతా. నేను చెప్పాలంటే నా దగ్గర ఒకటే మాట ఉంది, ఈ మనిషి మా వాడు కాదు అని. ఆ మాటంటే చాప పరిచినట్టే. ఇరవై ఆరేళ్ళు, అవెలీనో. నా నోటితో అనిపించకు."

ఆ నెల రోజులు నేను సరిగ్గా నిద్రపోలేదు. ఏటి అవతల ఊరివాళ్ళు అప్పటికే రెండు సభలూ ముగించి ఒప్పుకున్నారు. అక్కడికి ఎర్ర ట్రాక్టరు వచ్చింది, దాని మీద మా అవెలీనో. చూడటానికి వెళ్ళాను. అబద్ధమెందుకు, కళ్ళు చెమ్మగిల్లాయి. ఎప్పుడూ భుజాలు కుంగదీసుకుని నడిచే మనిషి, రాజులా కూర్చున్నాడు. వెనకాల నల్లమట్టి వరసలు వరసలుగా తిరగబడుతోంది. నన్ను చూసి హారన్ కొట్టాడు.

"సభలో ఏం చెబుతావన్నా?" అని కేకేశాను.

వినపడనట్టు ట్రాక్టరు అటు తిప్పుకుని పోయాడు.

ఇంట్లో వదిన రోజూ ఆయనకు అన్నం పెడుతూనే ఉంది, మాట్లాడటం మానేసింది. సభకు మూడు రోజుల ముందు వదిన ఆయన చాపను ఎండలో వేసి, దులిపి, తాడు పెట్టి చుట్టడం లెవీనా చూసొచ్చింది. "అక్క ఏడుస్తూ చుడుతోంది. నీలాంటి సన్నాసులు సంతకాలు పెట్టడం, మా అక్క ఏడవడం" అని నా మీద విరుచుకుపడింది.

సభ రోజు వచ్చింది. ఈసారి ఆడవాళ్ళంతా ఊళ్ళోనే ఉన్నారు. మంచి రంగురంగుల కాపులానా గుడ్డలు నడుముకు చుట్టుకుని, తలగుడ్డలు బిగించి, వచ్చి వరసగా నిలబడ్డారు. ముందు వదిన. ఆమె నెత్తి మీద అవెలీనో చాప.

ఊరి వాళ్ళందరి కళ్ళూ ఆ చాప మీదే. అధికారికీ కంపెనీ మనిషికీ మాత్రం ఏమీ తెలియలేదు. అధికారి తొమ్మిది పేర్లూ చదివాడు.

"అభ్యంతరం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

వదిన ముందుకు నడిచింది. చాప దించి బల్ల ముందు నేల మీద పెట్టింది. తాడు విప్పలేదు.

"నాకుంది" అంది.

పంతులు చెప్పాడు. అధికారి కాగితం చూసి, "అమ్మా, మీ ఇంటాయన సంతకం ఇక్కడుంది. మీ ఇంట్లో మాట మీరు ఇంట్లో మాట్లాడుకోండి. కూర్చోండి" అన్నాడు.

కంపెనీ మనిషి పాపం మంచివాడే. మర్యాదకు తెచ్చిన చాప అనుకున్నాడు. నవ్వుతూ లేచి, నమస్కారం పెట్టి, దాని మీద కూర్చుందామని తాడు ముడి మీద చెయ్యి వేశాడు.

ఆడవాళ్ళలోంచి ఒక అరుపు వచ్చింది. పంతులు ఒక్క గెంతు గెంతి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. తాడంతా ఊడి చాప పరుచుకుందంటే, అది ఎవరి చేతుల్లో జరిగినా పద్ధతి పద్ధతే. కంపెనీ మనిషి బిత్తరపోయి వెనక్కి జరిగాడు.

వదిన వంగింది. ఆమె వేళ్ళు తాడు దగ్గరికి పోయాయి. నేను ఆమె ముఖం చూశాను. ఆమె అధికారిని చూడటం లేదు, మొగుణ్ణి చూస్తోంది. మొదటి ముడి ఊడింది. రెండోది పట్టుకుంది. నాకు లేచి ఏదైనా అనాలని ఉంది, అయినా కూర్చునే ఉన్నాను. పార విషయంలోనే అబద్ధమాడినవాణ్ణి, ఇక్కడ నిజం చెప్పే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

"ఆగు."

అవెలీనో లేచాడు. వచ్చి చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వదిన వేళ్ళ మీద తన చెయ్యి పెట్టి, ముడి ఊడకుండా అదిమి పట్టాడు.

"రాసుకోండి దొరా" అన్నాడు. "నేను ఈ ఊరికి ఈ చాపతో, ఒక పారతో వచ్చాను. ఇరవై ఆరేళ్ళయింది. ఇక్కడ జానెడు నేల నాది కాదు. నాది కాని దాని మీద సంతకం పెట్టాను. యజమాని అన్నారు, సంతోషమేసి పెట్టాను. అది కొట్టెయ్యండి."

టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. నలుగురి ముందూ, తనకేమీ లేదని ఒక మగవాడు తన నోటితో చెప్పడం నేనెన్నడూ వినలేదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అప్పుడు లేచాను. "నాదీ కొట్టెయ్యండి. నేనూ అంతే" అన్నాను. నా తర్వాత ఒకరి వెనక ఒకరు లేచారు. ఇద్దరు మాత్రం చివరిదాకా లేవలేదు; వాళ్ళ పెళ్ళాలే లేచారు.

అధికారి కాగితం అటూ ఇటూ తిప్పాడు. "మరి సంతకం ఎవరిది చెల్లుతుంది?" అన్నాడు.

"మాది. మేం పెట్టం" అంది వదిన. "కంది కొంటారా? రండి. మీ సోయా మమ్మల్ని పండించమంటారా? నేర్పండి, పండిస్తాం. పంపు ఇస్తామంటారా? కూర్చుని మాట్లాడుకుందాం. కూర్చోడానికి మీకు వేరే చాప తెప్పిస్తా."

అధికారి ఆ మాటలన్నీ రాసుకున్నాడు. కంపెనీ మాకు పంపూ ఇవ్వలేదు, కందీ కొనలేదు. ఏటి అవతల నేలతోనే సరిపెట్టుకుంది. మా మేకులు పీకి ఆడవాళ్ళు పొయ్యిలో పెట్టారు. అవెలీనోను మర్నాటి నుంచి రావద్దన్నారు.

ఆ సాయంత్రం బడి నుంచి వెళ్తూ వదిన ఒక్క మాటే అంది, "మబ్బు పట్టింది. చాప తడుస్తుంది, ఇంటికి పట్టుకురా."

ఇప్పుడు ఆ ట్రాక్టరు వేరేవాడు నడుపుతున్నాడు. పల్లంలో మేం వంగి పని చేసుకుంటుంటే ఏటి అవతల నుంచి దాని చప్పుడు వస్తుంది. రాగానే అవెలీనో నడుం ఎత్తి, పార మీద చెయ్యి పెట్టి, అటు చూస్తూ నిలబడిపోతాడు. నేను నీళ్ళు తాగడానికి ఆగితేనే బూతులు లంకించుకునే వదిన, ఆయన్ని ఏమీ అనదు. తనూ పని ఆపి నిలబడుతుంది. చప్పుడు దూరమయ్యాక ఇద్దరూ మళ్ళీ వంగుతారు.

ఒకరోజు ఆయనే అడిగాడు, "నన్ను తిట్టవేం?"

వదిన పారకంటిన మట్టి గీకుతూ అంది, "నా కోసం దాని మీద నుంచి దిగొచ్చావు. ఈ కాసేపు నేను ఆగలేనా?"