నేను జరిపిన రాయి

పదహారేళ్లు ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరిగాను. దాన్ని మోస్తూనే వండాను, తిన్నాను, పెళ్లిళ్లకు పోయాను, ఇంటికి వచ్చినవాళ్లకు బొట్టు పెట్టి పంపాను. పోనుపోను అలవాటైపోతుందిలే అనుకున్నాను. కాలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా వీధంతా ఎగతాళి చేస్తుంది. ఎవరింట్లో ఏ కూర వండారో కూడా నేను దాచుకోలేనట. ఆ మాట విని అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం, ఒసే, నువ్వు దాచుకున్నది తెలిస్తే వీళ్లలో ఒక్కరైనా నీ గడప తొక్కుతారా, అనుకునేదాన్ని.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. చెప్పాల్సిన మనిషికి మొన్న ఆదివారం చెప్పేశాను. అప్పటినుంచి ఒళ్లు తేలికగా ఉంది. ఆ ఊపులోనే మీకూ చెప్తున్నాను. ఆలస్యం చేస్తే మళ్లీ దాచుకుంటానేమోనని భయం.

ఆ మనిషి పేరు నాగరత్న. పెద్దపంజాణి దగ్గర మా పల్లెలో వాళ్ల చేను, మా చేను పక్కపక్కన ఉండేవి. మధ్యలో ఒక్క గట్టే. నాకంటే ఐదేళ్లు చిన్నది. నన్ను అక్కా అంటుంది. ఇప్పుడు రెండు కుటుంబాలూ మదనపల్లెలోనే, ఒకే వీధిలో ఉన్నాము. రత్నకు షుగరు. రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. ఒక్కదాన్నే పోలేను, తోడు రాక్కా అంది. అలా రెండేళ్లుగా పొద్దున్నే ఇద్దరం బాహుదా ఏటి ఒడ్డున నడుస్తున్నాము.

ఏరంటే మీరు నీళ్లు ఊహించుకుంటారేమో. ఊరి మధ్యలో అది ఇసుక, కంపచెట్లు, నడుమ నల్లగా పారే కాలువ. మండీలో పారబోసిన టమోటాలు ఒడ్డున కుళ్లి వాసన కొడుతుంటాయి. కొంగలు మాత్రం ఏమీ పట్టించుకోకుండా నిలబడి ఉంటాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, మా మదనపల్లె చలికి ఆ మాట వినపడదు. ఆ ఆదివారం కూడా చెవులకు గుడ్డ కట్టుకునే బయలుదేరాము. కానుగ చెట్లకు లేతాకు వచ్చి ఎండకు మెరుస్తోంది. వేపాకు రాలి దావంతా పసుపుపచ్చగా పరుచుకుంది.

రోజూ వంతెన దాకా పోయి వెనక్కి తిరుగుతాము. ఆ రోజు రత్న తిరగలేదు. తల వంచుకుని పోతూనే ఉంది. వంతెన దాటాము, ఇళ్లు పలచబడ్డాయి, ఇటుక బట్టీలు వచ్చాయి.  నాకు మోకాళ్లు నొప్పి. అయినా ఆ ముఖం చూసి ఆగమని చెప్పలేకపోయాను.

బట్టీలు దాటాక నోరు విప్పింది. కూతురు భవానిని కుప్పం దగ్గర పల్లెలో ఇచ్చారు. అల్లుడు గురువారం చేనులో బోరు వేయిస్తున్నాడట. మా అమ్మ చేత్తోనే పసుపు కుంకుమ పెట్టిస్తానని భవాని పట్టు పట్టిందట.

"నేను పోనక్కా. నాకు జొరమని నువ్వు ఫోన్ సేసి సెప్పు. నా మాట నమ్మదు, నీ మాటయితే నమ్ముతాది" అంది.

"యాల పోవు? కన్నబిడ్డ పిలిస్తే పోకపోతే ఎట్ల?"

"నా కాలు పడిన సేన్లో నీళ్లు పడవు. నీకు తెలీనిదేముండాది?"

అవును. నాకు తెలియనిదేముంది? ఆ మాటను ఆమె మెడకు కట్టింది నేనే కదా.

మా మెట్ట పల్లెల్లో బోరు వేయాలంటే ముందు నీళ్లు చూసేవాణ్ణి పిలుస్తారు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుందని నమ్మకం. అక్కడ ఒక రాయి పెడతారు. ఆ ఇంటి ఆడమనిషి దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఒక నిమ్మకాయ ఉంచుతుంది. బోరు బండి వచ్చి ఆ రాయి ఉన్న చోటే తొలుస్తుంది. ఒకసారి పెట్టాక ఆ రాయిని ఎవరూ కదపరు. కదపాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

నాకు వచ్చింది.

రత్న వాళ్లకు నీళ్లు చూసినాయన కుప్పం పక్కనుంచి వచ్చాడు. సగం అరవం, సగం తెలుగు మాట్లాడే ముసలాయన. రత్న ఆయన వెంటే చేనంతా తిరిగింది. కాయ మా గట్టు దగ్గర లేచింది. అక్కడికీ మా బోరుకూ పది అంగల దూరం కూడా లేదు. మా బోరు అప్పటికే సన్నగా పోస్తోంది. దాన్నే నమ్ముకున్న మా టమోటా తోట పూత మీదుంది. అటు నుంచి ఇంకో బోరు లాగితే మాది ఏమవుతుంది? మా ఆయన పుంగనూరు సంతకు పోయాడు. అడిగేందుకు మనిషి లేడు. ఉన్నా అడిగేదాన్నో లేదో.

ముసలాయన వెళ్లిపోయాడు. రత్న మొగుడు వెంకటరమణ బండి తెచ్చేందుకు పోయాడు. మిట్టమధ్యాహ్నం రత్న గట్టు కాడికి వచ్చి నన్ను పిలిచింది. ముఖం వాడిపోయి ఉంది.

"అక్కా, నేను బయటుండాను. ఇప్పుడే తెలిసె. మా అత్తకు సెప్పొద్దు, గలాటా సేస్తాది. మీ ఇంట్లోదే పసుపు కుంకుమ తీసకపోయి, నా బదులు నువ్వే పెట్టక్కా."

ముట్టులో ఉన్న ఆడది ఆ రాయిని తాకకూడదు. అందుకని నన్ను పంపింది. నన్నే. ఆ పల్లెలో ఇంకెంతమంది లేరు?

పళ్లెం తీసుకుని పోయాను. చేనులో నరపురుగు లేదు. దుక్కి దున్నిన నేల, ఎటు చూసినా ఒకటే ఎరుపు, గుర్తు పట్టేందుకు ఒక చెట్టు కూడా లేదు. తలకాయంత రాయి. పెద్దగా ఆలోచించలేదని చెప్పాలని ఉంది గానీ, అది అబద్ధం. పళ్లెం కింద పెట్టి అటూ ఇటూ చూశాను. ఆలోచించే ఎత్తాను. ఎత్తి, మెరక వైపు అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఇరవై అంగలు. ఇరవయ్యే ఎందుకో తెలియదు. అక్కడ దించి పసుపు రాశాను, కుంకుమ పెట్టాను, నిమ్మకాయ ఉంచాను. వెనక్కి వచ్చి మొదటి చోటును కాలితో చదును చేశాను. దండం కూడా పెట్టాను. ఎవరికి పెట్టానో ఇప్పటికీ నాకు తెలియదు.

సాయంత్రం బండి వచ్చింది. వెంకటరమణ రాయి ముందు నిలబడి ఒక్క క్షణం తటపటాయించాడు. రాయి ఇంకా గట్టు పక్కకు ఉండినట్టుందే అన్నాడు. పొద్దున నువ్వు ఆ పక్కనించి సూస్తివి గదప్పా, అందుకే అట్లనిపిస్తాది, అన్నాను. నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు పాపం, సొంత అక్కలా చూసుకున్న మనిషి చెప్తుంటే.

మరుసటి రోజు పొద్దెక్కేదాకా తొలిచారు. తెల్లటి దుమ్ము తప్ప తడి అన్నది రాలేదు.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. రాయి ఎత్తినప్పుడు భయపడ్డాను, అంతే అనుకోండి. ఆ దుమ్ము చూసి రత్న భోరున ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ, నేను బయటుండి తెలీక రాయి పక్కన నిలబడినాను అని తనకు తానే అత్తతో చెప్పేసింది. దాచుకోవడం రాదు దానికి. ఇంక చూడండి. ముట్టుతో గంగమ్మ మీద నడిచిందని అత్త అరిచింది, పల్లె అందుకుంది. ముట్టుకూ నేలలో నీళ్లకూ ఏం సంబంధమని మీరడగొచ్చు. నేనూ అడుగుతాను, ఇప్పుడు. ఆ రోజు మాత్రం రత్న తలను నా భుజానికి ఆనించుకుని, ఊరుకోమ్మా, నీ తప్పేముంది అన్నాను. నీ తప్పేముంది అన్నాను గానీ, తప్పు నాది అన్నానా? నోరు ఒక్కసారి తెరిస్తే అయిపోయేది. కుక్కిన పేనులా ఉండిపోయాను.

ఆ ఎండాకాలమే వాళ్లు చేను వదిలి మదనపల్లె చేరారు. వెంకటరమణ టమోటా మండీకి ఆటో తోలాడు, రత్న మండీలోనే కాయలు ఏరింది. మా బోరు ఇంకో రెండేళ్లు పోసి, ఆ తర్వాత గాలి కక్కింది. దేనికోసం అంత పాపం చేశానో అది రెండేళ్లలో ఎండిపోయింది. మేమూ మదనపల్లె దారి పట్టాము. మాకు బాడుగ ఇల్లు వెతికిపెట్టింది ఎవరనుకుంటున్నారు? రత్నే. మా సామాన్లు ఎక్కించి తెచ్చింది వెంకటరమణ ఆటోలోనే. ఆ రోజు ఆమె పెట్టిన అన్నం నాకు గొంతు దిగలేదు.

ఆ మొదటి చోటనైనా నీళ్లుండేవని నమ్మకమేంటని ఎన్నిసార్లు అనుకున్నానో. కొబ్బరికాయ లేస్తే నీళ్లు పడాలని రాసిపెట్టుందా? ఆ సాకు పట్టుకుని పదహారేళ్లు ఈదాను. నీళ్ల సంగతి నిజంగానే నాకు తెలియదు. కానీ ఆ నింద రత్నది కాదని తెలుసు. ఆ సంగతి తెలిసినది లోకంలో నేనొక్కదాన్నే. మా ఆయనకు కూడా తెలియదు.

ఇప్పుడు, ఏటి ఒడ్డున, ఆమె ఫోను నా చేతిలో పెట్టింది. భవాని నంబరు తీసి మరీ పెట్టింది. జ్వరమని చెప్పాలి. ఒక్క అబద్ధం, పదహారేళ్ల అబద్ధం ముందు ఇదెంత? చెప్పొచ్చు. చెప్తే రత్న పోదు. ఆ తర్వాత కూతురి పురుడుకు పోదు, గృహప్రవేశానికి పోదు, మంచి జరిగే ప్రతిచోటా గుమ్మం బయటే నిలబడుతుంది.  ఫోను తిరిగి ఇచ్చేశాను.

"రత్నా, ఆ రాయి నేను జరిపినాను."

"ఏ రాయి?"

"మీ సేన్లో బోరు రాయి. గట్టు కాణ్ణించి ఎత్తి పైన పెట్టినాను. నన్ను పసుపు పెట్టమని పంపిస్తివే, ఆ పొద్దే."

ఆమె నడక ఆగింది. నవ్వబోయింది. నా ముఖం చూసి నవ్వు మానుకుంది.

"యాల?"

"మా బోరు ఎండిపోతాదని."

"ఎంత దూరం జరిపితివి?"

"ఇరవై అంగలు."

అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండును. రత్న అటు తిరిగి, పైకే లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఒకటి, రెండు, మూడు. ఏటి ఒడ్డున ఆ మట్టి దావలో, చెప్పులు ఈడ్చుకుంటూ. ఇరవై దగ్గర ఆగి నా వైపు తిరిగింది. మా ఇద్దరి మధ్య ఎంత నేల ఉందో కళ్లతో కొలిచింది.

"మా అత్త సచ్చేదాకా నా సేతి నీళ్లు తాగలేదు. నీకు తెలుసునా?"

"తెలుసు."

"తెలిసీ గమ్మునుండావా?"

"గమ్మునుండాను."

క్షమించమని అడగలేదు నేను. నోటిదాకా వచ్చింది గానీ, అది కూడా ఆమెను ఇంకోటి అడుక్కోవడమే అనిపించింది. రత్న కొంగుతో ముఖం తుడుచుకుంది. తిరిగి నన్ను దాటుకుని ఊరి వైపు నడిచింది. దాటేటప్పుడు, "ఎనకనే రా, నా పక్కన నడవొద్దు" అంది. అలాగే వెనకాలే నడిచాను. బట్టీల దగ్గర ఒకసారి ఆమె కాలు తడబడితే గబుక్కున ముందుకు ఉరికాను. చేయి అడ్డం పెట్టి ఆపింది. మళ్లీ వెనక్కి తగ్గాను.

ఒకటి చెప్తే మీరు నన్ను ఛీ అంటారు. అలా వెనక నడుస్తుంటే సిగ్గుతో చచ్చిపోతూనే, నాకు ఆకలేసింది. ఎన్నేళ్లకో నిజమైన ఆకలి. గుండె మీద నుంచి ఏదో లేచిపోయింది. ఊపిరి పొట్టదాకా పోతోంది. ఆమెను అంత బాధపెట్టి నాకు ఇంత సుఖమా? ఏం మనిషిని నేను? అలా నన్ను నేను తిట్టుకుంటూనే, తేలికగా నడిచాను.

వీధి మొదట్లో రత్న ఆగింది. వెనక్కి చూడకుండానే అంది: "భవానికి నేనే సేసుకుంటాను ఫోను. నువ్వు సెయ్యద్దు."

బుధవారం పొద్దున ఆమె సంచి పట్టుకుని బస్టాండు వైపు పోవడం మా కిటికీలోంచి చూశాను. కొత్త చీర కట్టుకుంది. మా ఇంటి ముందుకు వచ్చినప్పుడు తల తిప్పలేదు. మళ్లీ నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు. మాట్లాడకపోతే అడిగే హక్కు నాకు లేదు.

ఈ రోజు ఏటి ఒడ్డుకు ఒక్కదాన్నే పోయాను. దావలో టీ కొట్టు ఆమె పలకరించింది. "ఏమమ్మా, ఒక్కదానివే పోతాండావు? ఆయమ్మ యాడ?"

మామూలుగా అయితే ఒంట్లో బాగాలేదనో, పనుందనో ఏదో ఒకటి అనేసేదాన్ని. అనలేదు.

"కుప్పం పోయుండాది. బిడ్డ సేన్లో బోరేస్తాండారు, ఆయమ్మ సేత్తోనే పూజ. ఒగేళ ఈడుండినా నాతో రాదులే. ఆయమ్మకు నేను శానా ద్రోహం సేసినాను" అన్నాను.

ఆమె గ్లాసులు కడగడం ఆపి నన్నే చూసింది. ఏం ద్రోహమని అడిగింది. అడిగినదానికల్లా, రాయి దగ్గర్నుంచి, నిలబడి చెప్పాను.