బాపు నెత్తురు

మొన్న ఆసుపత్రిలో పరీక్షకని నా రక్తం తీస్తుంటే, ఆ స్పిరిట్ వాసనలోనూ నాకు మెట్‌పల్లి దగ్గరి మా వరిమడి బురదే గుర్తొచ్చింది.

మడికి నీళ్లు కట్టే దగ్గర గొడవై, మా నాన్న, బాపు, కోపం పట్టలేక సొంత తమ్ముణ్ణి, మా చిన్నాయనను, పారతో కొట్టాడు. చిన్నాయన చనిపోయాడు, బాపు జైలుకు పోయాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆ ఎండాకాలం దాటాక ఒకరోజు, తమ్ముడు నా మట్టిబొమ్మ పగలగొట్టాడని చెంబు తీసి గోడకేసి కొట్టాను. నాయినమ్మ నెత్తి కొట్టుకుంది.

“గిది అచ్చం వాని నెత్తురే. వాని కోపమే దీనికొచ్చింది.”

నెత్తుట్లో ఉన్నదైతే తీసేయొచ్చు కదా అనుకున్నాను. మడిలోకి దిగి, జలగలు పట్టేదాకా కదలకుండా నిలబడ్డాను. అవి తాగి తాగి వేలంత లావయ్యాయి. భయమేసినా, బాపు కోపం పోతోందని ఓర్చుకున్నాను.

వెతుక్కుంటూ వచ్చిన మా అమ్మ, అవ్వ అనేవాళ్లం, నన్ను గట్టు మీదికి గుంజి, జలగల్ని పీకి పారేసింది.

“ఏం పనే గిది?”

చెప్పాను. అవ్వ కొంగుతో నా కాళ్లు తుడిచింది.

“నెత్తుట్ల కోపం ఉండదు బిడ్డా. నువ్వు ఫికర్ జెయ్యకు.”

కానీ ఆనాటి నుంచి కూలికి పోయినప్పుడల్లా నన్ను ఇంట్లో వదిలి, తమ్ముణ్ణి చంకనేసుకునే పోయేది. వాడంటేనే ప్రేమని కుళ్లి ఏడ్చేదాన్ని.

చాలా ఏళ్లకు, నా కొడుకు కోపంతో చెల్లెలి మీద చెయ్యెత్తాడు. నేను పాపను ఎత్తుకుని పక్కగదిలోకి పోయి గడియ పెట్టుకున్నాక తెలిసింది, అవ్వకు నేనంటే భయమని.