బ్యాక్ నొక్కితే వద్దని అర్థం

"వెనక్కెళ్తే వద్దని అర్థం! పసిపిల్లాడిక్కూడా తెలుసు!"

"వెనక్కెళ్ళాల్సిన పనేంటి బాబాయ్? ఎదురుగా రెండు బటన్లు పెట్టి చచ్చానుగా!"

అరుపులు లిఫ్టు దాకా వినిపించినా ఆఫీసులో ఒక్కరూ తల తిప్పలేదు. యాప్‌లు తనిఖీ చేసే బ్యాక్ బాబాయ్‌కి ఉన్నది ఒకటే జబ్బు. ఏ యాప్ చేతికిచ్చినా బ్యాక్ బటన్ నొక్కుతాడు. తెరుచుకుంటుంటే నొక్కుతాడు, తెరుచుకున్నాక నొక్కుతాడు, ఏమీ కాకపోతే ఎందుకు కాలేదని మళ్ళీ నొక్కుతాడు. సినిమాకెళ్తే సీటుకన్నా ముందు బయటికెళ్ళే తలుపు వెతుకుతాడట. ఓసారి తోసి బయటికెళ్ళి చూశాడు. అది వెనకాలే మూసుకుపోయింది. సినిమా అంతా ఆయన భార్య ఒక్కతే చూసుకుంది.

ఈరోజు ఆయనకు దొరికింది ప్రోగ్రామర్. కాలేజీ మూడో ఏట మానేసి, మూడు నెలలు చూసి ఉంచుకుంటామంటే చేరినవాడు. ఐదింటికల్లా ఆస్పత్రి యాప్ విడుదల కాకపోతే ఇంటికెళ్ళిపొమ్మని మేనేజర్ చెప్పేశాడు. నాలుగున్నరకి బాబాయ్ బ్యాక్ నొక్కాడు.

"చూడు! 'అపాయింట్‌మెంట్ రద్దు చేయాలా?' అనడిగింది. భయపడి బ్యాక్ నొక్కా. రద్దయి కూర్చుంది!"

"'వద్దు' నొక్కాలి బాబాయ్!"

"అడిగినవాడికి జవాబివ్వకుండా లేచెళ్ళిపోతే ఒప్పుకున్నట్టా? రెండు నెలలు కాచుకుంటే దొరికిన డాక్టరు! ఆ ముసలావిడ ఎవర్ని తిట్టుకోవాలి?"

"ఏ ముసలావిడ?"

"ఉంటుందిరా ఎక్కడో!"

ప్రోగ్రామర్‌కి అరికాలిమంట నెత్తికెక్కింది. లేని ముసలావిడ కోసం ఉన్న ఉద్యోగం పోవాలా? విసురుగా కోడ్ తెరిచాడు. 'వద్దు' నొక్కితే తప్ప, ఆ ప్రశ్న ఎలా మూసుకున్నా సరే రద్దు చేసెయ్యమని రాసి ఉంది. రాసింది తనే. తప్పు తనదని తేలాక కోపం రెట్టింపైంది. 'అవును' నొక్కితే తప్ప రద్దు కాకుండా మార్చేసరికి ఆరు దాటింది.

పొమ్మనేలోపు నాలుగు మాటలు అనేద్దామని మేనేజర్ గదిలోకి దూసుకెళ్ళాడు. మేనేజర్ తలెత్తలేదు.

"నీ తప్పేం లేదట్లే. బాబాయ్ తనిఖీ ఫోన్ కిందపడి పగిలిందట, అందుకే ఆలస్యమని ఆయనే చెప్పాడు. రేపు ఆ ఫోన్ తెమ్మన్నా."

బాబాయ్ బల్ల మీద ఫోన్ గీత కూడా పడకుండా నిక్షేపంలా ఉంది.

"అబద్ధం చెప్పమని నేనడిగానా?" ప్రోగ్రామర్ మీదికెళ్ళాడు.

"అరవకురా, లోపలికి వినిపిస్తుంది." బాబాయ్ ఫోన్‌ని రెండు చేతులతో అతని వైపు జరిపాడు. "మూడుసార్లు పైకెత్తాను. వదలడానికి చేతులు రావట్లేదు. నువ్వు కాస్త కిందపడేసిపెట్టవూ?"