పేరు చెప్పలేదు కదా అనుకున్నాను

అమలాపురంలో ఒక చిన్న ల్యాబులో నేను టెక్నీషియన్‌గా చేరి అప్పటికి నాలుగేళ్లు. ఓడలరేవు దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసే ఒకావిడ, జ్వరం తగ్గడం లేదని రక్తపరీక్షకు వచ్చింది. ఐసునీళ్లలో నాని వేళ్ల చివర్లు తెల్లగా చిట్లిపోయి ఉన్నాయి. భర్త కువైట్ నుంచి జబ్బుతో తిరిగొచ్చి, ఏడాది తిరక్కుండానే పోయాడట.

హెచ్‌ఐవీ పాజిటివ్ అని తేలింది. మా ల్యాబు డాక్టరుగారు అంతా వివరించి, పెద్దాసుపత్రిలో మందులు ఊరికే ఇస్తారని ధైర్యం చెప్పి పంపారు. ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని నా బల్ల దగ్గర ఆగింది.

"ఎవరికీ చెప్పరు కదండీ? తెలిస్తే షెడ్డుకి రానివ్వరండి."

"ఆయ్, చెప్పనండి" అన్నాను.

ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు. ఏమైందని అమ్మ గుచ్చి గుచ్చి అడిగింది. ఒకావిడకి హెచ్‌ఐవీ అని తేలిందనీ, ఓడలరేవు మనిషనీ, రొయ్యల షెడ్డులో పనిచేస్తుందనీ, భర్త కువైట్ నుంచి వచ్చి పోయాడనీ చెప్పేశాను. పేరు చెప్పలేదు కదా అనుకున్నాను. మా పిన్ని అత్తవారిది ఆ ఊరేనన్న సంగతి అప్పుడు తట్టలేదు.

నెల తిరక్కుండా ఆవిడ మళ్లీ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"షెడ్డులో మానిపించేసేరండి. మా పాపని పక్కింటోళ్లు ఆటకి కూడా రానివ్వట్లేదు. నేనెవరికీ చెప్పలేదండి. ఇక్కణ్ణించేమైనా బయటికెళ్లిందాండి?"

ఆ గొంతులో నింద లేదు. తెలుసుకుందామనే అడుగుతోంది.

"లేదండి" అన్నాను.

"మా అమ్మ మిమ్మల్నే అనుమానించిందండి. ఆవిడ అలాంటిది కాదమ్మా అన్నాను" అని వెళ్లిపోయింది.

ఇంటికెళ్లి అమ్మను నిలదీశాను. "పిన్నికొక్కత్తికే చెప్పేనే. ఎవరితోనూ అనొద్దని కూడా అన్నాను" అని ఏడ్చింది. అమ్మను ఏమనగలను? నేనూ అమ్మకొక్కత్తికే చెప్పాను.

నిజం ఒప్పుకుందామని రెండు వారాల తర్వాత బస్సెక్కి ఓడలరేవు వెళ్లాను. ఇంటికి తాళం. "తల్లినీ పిల్లనీ తీసుకుని భీమవరం వైపెళ్లిపోయిందండి. మీరు ఆసుపత్రి నుంచొచ్చేరా?" అంది పక్కింటావిడ.

"కాదండి, తెలిసినదాన్ని" అన్నాను.

కనీసం మందులైనా వాడుతోందేమో కనుక్కుందామని పెద్దాసుపత్రిలో మందులిచ్చే ఆవిడను అడిగాను. నాకు బాగా పరిచయమే.

"అది మీకు చెప్పకూడదండి" అంది నెమ్మదిగా.

సరేనన్నాను. ఇప్పటికీ తెలియదు.